లారీకి పోసిన మంచినూనె

పోయిన వారం రామాంజినమ్మను అరసికెరె దారిలో, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుతుండగా వదిలేశాం. ఎందుకు పరుగెత్తుతోందో మరిచిపోయినవాళ్ళకు ఒక్కసారి చెబుతాను, మళ్ళీ మళ్ళీ అడగకండి. సావుకారు జయరామప్పకు ఒక లారీ ఉంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు బెంగుళూరు వెళ్ళి కొని తెచ్చాడు. పావగడ తాలూకాలో తక్కిన బస్సులూ లారీలూ వీపున బొగ్గుపొయ్యి మోసుకుని దగ్గుతూ తిరుగుతుంటే, ఇదొక్కటే క్రూడాయిలుతో, అంటే డీజిలుతో నడిచేది. దానికి డ్రైవరు కదిరయ్య, రామాంజినమ్మ మొగుడు. శనివారం తెల్లవారగానే, చలిలో, శెనక్కాయ మూటలతో నిడుగల్లు కొండ ఎగువ ఎక్కుతుంటే ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. మూటలు మోయగలిగినదానికన్నా ఎక్కువ. బ్రేకు నిలవలేదు. లారీ వెనక్కి దొర్లింది. పైన కూర్చున్న హమాలీ హనుమప్ప కిందికి దూకి, చక్రానికి రాయి అడ్డం పెట్టబోయి, ఆ చక్రం కిందే పోయాడు.

కదిరయ్య క్రూడాయిలు దొంగతనంగా అమ్ముకున్నాడనీ, టాంకీ ఎండిపోయి బండి నిలిచిపోయిందనీ సావుకారు ఠాణాకు పోయి చెప్పాడు. దఫేదారు హొన్నూరప్ప బేడీలు తీసుకుని ఊళ్ళోకి దిగాడు. ఆ కబురు విన్నాకే రామాంజినమ్మ పరుగు మొదలుపెట్టింది.

ఆమె లారీ షెడ్డు చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఎద్దులు కట్టి లాక్కొచ్చిన లారీ ముక్కు వంచుకుని నిలబడి ఉంది. దాని మెట్టు మీద కదిరయ్య కూర్చున్నాడు, చేతులకు బేడీలు. మూడు రోజులుగా అతను ఎవరితోనూ మాట్లాడలేదు. హనుమప్పా అతనూ ఒకే మూటలోంచి సంగటి తిన్న మనుషులు. ఒక మూలన హనుమప్ప పెండ్లాం కెంచమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. ఇంత దుఃఖం నడుమ సావుకారు మాత్రం ఇంటి నుంచి కుర్చీ తెప్పించుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చూస్తే ఒళ్ళు మండిపోదూ!

రామాంజినమ్మకు మండింది. ఎంత మండిందంటే, పక్కన ఆయాసపడుతూ వచ్చిన అన్న మల్లేశప్ప చేయి పట్టుకుని ఆపబోతే విదిలించి కొట్టింది.

"ఏం సావుకారప్పా! మనిషి సచ్చి మూడు దినాలే ఆయె, కుర్చీ ఏసుకోని కూసున్నావే! సిగ్గు లేదా నీకు?"

"నీ మొగుణ్ణి అడుగు సిగ్గు సంగతి" అన్నాడు జయరామప్ప. "కోటాలో వచ్చే క్రూడాయిలు. నేను తాలూకా అమల్దారు కాళ్ళూ చేతులూ పట్టుకోని తెచ్చుకుంటే, ఈయప్ప దారిలో బావుల ఇంజన్లోళ్ళకు అమ్ముకుంటాడు. టాంకీ ఎండిపోయె. బండి నిలిచిపాయె. హనుమప్ప పోయె. దీంట్లో నాదేముందమ్మా తప్పు?"

"టాంకీ ఎండిపోయిందని నువ్వు చూసినావా?"

"చూడల్నా? నూనె లేకనే కదా బండి నిలిచేది!"

"దఫేదారప్పా, నువ్వు చూసినావా?"

హొన్నూరప్ప మీసం సవరించుకున్నాడు. చూడలేదు. మూడు రోజులు ఆ లారీ అక్కడే ఉంది, అందులోకి ఒకసారి తొంగి చూడాలన్న ఆలోచన ఆ పెద్దమనిషికి రాలేదు. కుర్చీలో కూర్చున్నవాడి మాట అతనికి చాలిపోయింది. సర్కారు జీతం తినే మనిషి చేయాల్సిన పని ఇదేనా అని నేను అడిగితే నా మీద కోపం వస్తుంది గానీ, అడగకుండా ఎలా ఉండను?

"ఇప్పు" అంది రామాంజినమ్మ. "టాంకీ కింద మర ఇప్పు. అందరూ చూడనీ. లోపల నూనె లేకుంటే నా మొగుణ్ణి ఈడ్చుకోని పో. నేను అడ్డం రాను."

"ఆడదాని మాట ఇని సర్కారోళ్ళు మర్లు ఇప్పుతారా?" అని జయరామప్ప నవ్వాడు. కొందరు నవ్వారు కూడా. సావుకారు నవ్వితే నవ్వే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

గోడ దగ్గర నుంచి కెంచమ్మ కదిలింది. మెల్లగానే అంది, అయినా అందరికీ వినబడింది.

"ఇప్పండి సామీ. నా మొగుడు ఎందుకు సచ్చినాడో నాకు తెలియాల."

ఆ మాటకు ఎవడు ఎదురు చెబుతాడు? హొన్నూరప్ప ఒక బక్కెట్టు తెమ్మన్నాడు. సావుకారు నౌకరు దాసన్న తెచ్చి టాంకీ కింద పెట్టాడు. పెట్టి వెంటనే గోడ వారకు తప్పుకున్నాడు. మర తిప్పారు.

ముందు ఏమీ రాలేదు. ఒక పుల్లతో పొడిచారు. అప్పుడు చిక్కటి జిగట పదార్థం ఒకటి మెల్లగా జారి, తీగ సాగుతూ బక్కెట్లో పడింది. అది పడిపోగానే వెనక నుంచి క్రూడాయిలు ధారగా దూకింది. బక్కెట్టు నిండింది. ఇంకో బక్కెట్టు తెచ్చారు. అదీ నిండింది. ధార ఆగలేదు.

జనంలో గుసగుస లేచింది. టాంకీ ఎండిపోలేదు. కదిరయ్య చుక్క కూడా అమ్ముకోలేదు. ఒక మంచి మనిషిని మూడు రోజులు దొంగ దొంగ అని ఊరంతా నోటికొచ్చినట్టు తిట్టింది కదా, ఒక్కరన్నా తలవంచుకున్నారా? లేదు. బక్కెట్లోకి తొంగి చూడటానికి ఒకరినొకరు తోసుకున్నారు.

"చూసినారా!" రామాంజినమ్మ గొంతు షెడ్డు రేకులు అదిరేలా లేచింది. "నా మొగుడు దొంగ అంటిరే! ఇప్పుడు ఎవరి నాలిక కొయ్యల్ల? నీదా సావుకారప్పా, నీదా దఫేదారప్పా?"

కానీ జయరామప్ప అంత తేలిగ్గా చిక్కే రకమా? కుర్చీలోంచి ముందుకు వంగి బక్కెట్లోని జిగట మీద వేలు చూపించాడు. "ఆ బంక ఏంది మరి? అదెట్ల వచ్చె టాంకీలోకి? క్రూడాయిలు అమ్ముకోని, తక్కువైన కాడికి ఏదో నూనె పోసి నింపినాడు. ఆ నూనెకే బండి నిలిచిపాయె. దొంగతనం కాదా అది?"

మూడు రోజుల్లో మొదటిసారి కదిరయ్య తలెత్తాడు. యజమాని మొహంలోకి చూశాడు. "సామీ, మంచినూనె పోయించింది నువ్వే కదా" అన్నాడు. అంతే అన్నాడు. అరవలేదు. అతనికి అరవడం రాదు, ఆ పనంతా పెండ్లానికే వదిలేసిన మనిషి.

"నేనా!" జయరామప్ప అటూ ఇటూ చూశాడు. "నూనె అన్న మాటే నా నోట్లో నుంచి రాలేదు. దేవుని తోడు."

ఇక్కడ మంచినూనె సంగతి కాస్త చెప్పాలి. శుక్రవారం పొద్దున, శెనక్కాయ మూటలు ఎత్తక ముందు, ఈ జయరామప్పే లారీ దగ్గర నిలబడి టాంకీలో నువ్వుల నూనె పోయించాడు. మంచినూనె పోస్తే పంపు అరగదట, సాఫీగా తిరుగుతుందట, అదే క్రూడాయిలుకు ఇంకా ఎక్కువ దూరం పోవచ్చునట. కదిరయ్య వద్దన్నాడు. "నువ్వేమన్నా మేస్త్రివా? తోలేది తోలు" అని సావుకారు కసిరి, దాసన్న చేత పోయించాడు. ఆ రాత్రి కదిరయ్య ఇంటికి వచ్చి పెండ్లానికి చెప్పాడు. అందుకే ఆమెకు తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన ఏం లాభం? కూలి మనిషి మాట ఒకవైపు, సావుకారు దేవుని తోడు ఒకవైపు. దాసన్న నోరు విప్పడు, విప్పితే వాడి ఇంట్లో పొయ్యి వెలగదు.

కోపంలో ఉన్న మనిషికి తెలివి పని చేయదని అంటుంటారు. రామాంజినమ్మ విషయంలో అది తప్పు. ఆమెకు కోపం వచ్చినప్పుడే బుర్ర బాగా పనిచేసేది. జనం వైపు తిరిగింది.

"నిజమే లేప్పా" అంది, గొంతు తగ్గించి. "నాదే తప్పు. సావుకారప్ప అట్ల యాల చేస్తాడు? తలకు పూసుకునే నూనె తీసుకపోయి లారీకి పోస్తాడా? బుద్ధి ఉండే మనిషి ఎవరన్నా పోస్తారా? దోసెలు కాల్చుకునే నూనె, చంటిబిడ్డకు రుద్దే నూనె, దాన్ని ఇంజనులో పోసేవాడు ఎంత పిచ్చినాకొడుకై ఉండల్ల! మన సావుకారప్ప అంత తెలివి తక్కువోడా?"

జనం నవ్వారు. ఇందాక సావుకారు నవ్వితే నవ్విన వాళ్ళే ఇప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. "తలంటు పోసినాడప్పా లారీకి!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. "సీకాయ కూడా పెట్టుంటే పోయేది!" అన్నాడు ఇంకొకడు.

జయరామప్ప చెవులు ఎర్రబడ్డాయి. అతన్ని దొంగ అంటే పడతాడు, పిసినారి అంటే పడతాడు. తెలివి లేదంటే మాత్రం పడడు. బెంగుళూరు చూసి వచ్చినవాడు, లారీ కొన్నవాడు, తాలూకా అంతా తనను చూసి నేర్చుకోవాలనుకునేవాడు. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఎవడ్రా తెలివి తక్కువోడు? నాకు బుద్ధి లేదా? బెంగుళూరు మేస్త్రి నా ఎదురుగా నిలబడి చెప్పినాడు! 'ఒళ్ళె ఎణ్ణె హాకి' అని చెప్పినాడు! ఒళ్ళెణ్ణె అంటే మంచినూనె కాక ఇంగేందిరా, మీ తలకాయ!"

నవ్వు ఆగిపోయింది.

కన్నడం రాని పాఠకులకు ఈ తమాషా విప్పి చెప్పాలి. హాకి అంటే పోయండి. ఒళ్ళె ఎణ్ణె అంటే మంచిదైన నూనె. ఆ రెండూ కలిపి ఒళ్ళెణ్ణె అంటే నువ్వుల నూనె. మన తెలుగులోనూ అంతే కదా, మంచి నూనె వేరు, మంచినూనె వేరు. ఆ మేస్త్రి చెప్పింది బెంగుళూరులో ఇంజన్ల కోసమే డబ్బాల్లో అమ్మే ఏదో మేలురకం నూనె గురించి. ఈయన విన్నది వంటింటి నూనె గురించి. ఏ నూనె అయ్యా అని ఇంకొక్క మాట అడిగి ఉంటే హనుమప్ప ఇవాళ బతికి ఉండేవాడు. కానీ అడిగితే తెలివి తక్కువవాడని అనుకుంటారని భయం! ఇంత పెద్ద మనిషికి అంత చిన్న భయం. దానికి ఒక కూలివాడు చక్రం కింద పడ్డాడు.

"దేవుని తోడు అంటివే ఇప్పుడే!" రామాంజినమ్మ అతని మీదికి నడిచింది. "నూనె అన్న మాటే నోట్లో నుంచి రాలేదంటివే! ఇన్నావా దఫేదారప్పా? ఇన్నారా అందరూ? ఈయప్పే పోయించినాడు. వద్దన్న నా మొగునికి బేడీలు ఏయించినాడు. థూ! నీదీ ఒక బతుకేనా?"

హొన్నూరప్పకు కూడా ఇప్పుడు రోషం వచ్చింది. తనను వెర్రివాణ్ణి చేశాడని అర్థమైంది. తాళంచెవి తీసి కదిరయ్య బేడీలు విప్పాడు. రామాంజినమ్మ ఒక్కసారి కళ్ళు మూసుకుంది. కదిరయ్య తన మణికట్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు గానీ లేవలేదు.

జయరామప్ప కుర్చీ ఎత్తి నిలబెట్టుకున్నాడు, కూర్చోలేదు. "సరే, పోయించినా" అన్నాడు. "పోయిస్తే ఏమి? మంచినూనె క్రూడాయిల్లో కలిసిపోయేదే. దానికి బండి నిలుస్తాదా? ఆ బంక చూడండి. మంచినూనె అట్ల ఉంటాదా?"

"ఆ నూనె యాడ నుంచి తెప్పించినావు?" అని హొన్నూరప్ప అడిగాడు.

జయరామప్ప దాసన్న వైపు చూశాడు. దాసన్న నేల చూపు చూశాడు. అంతలో జనాన్ని తోసుకుని మల్లేశప్ప ముందుకు వచ్చాడు. రామాంజినమ్మ అన్న. గానుగ ఆడించుకుని బతికే మనిషి, ఎవరి జోలికీ పోనివాడు. బావను కాపాడే అవకాశం దొరికిందని అతని మొహం వెలిగిపోతోంది.

"నేను చెప్తా దఫేదారప్పా! నా గానుగ నుంచే పోయింది. గురువారం సాయంత్రం దాసన్నే వచ్చి తీసుకపోయినాడు. సావుకారప్ప పంపించినాడు, బండికి మంచినూనె కావల్లంట అన్నాడు. యాడైనా, ఎవరి ముందరైనా చెప్తా. మా బావ ఏ పాపమూ ఎరగడు."

"చూసినావా!" అంది రామాంజినమ్మ, సావుకారు వైపు తిరిగి. ఆమెకు అన్న మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మల్లేశప్ప అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! ఆపలేదు. ఆపాలని అతనికి తెలియదు. చేసిన మంచి పనిని చెప్పుకోకుండా ఉండలేని పిచ్చి మారాజు.

"బండికి అన్నాడు కదా" అన్నాడు, చేతులు తిప్పుతూ. "వట్టి మంచినూనె బండికి యేం నిలుస్తాది? మన ఎద్దులబండి ఇరుసుకు యేం పోస్తాం? ఆముదమే కదా! అది లేకుంటే కిర్రు కిర్రు అని ఇరుసు అరిగిపోదా? అంత పెద్ద బండి, పాపం మా బావ తోలేది. అందుకే నేనే మంచినూనెలో సగానికి సగం ఆముదం కలిపి ఇచ్చినా. కలిపినట్టు దాసన్నకు కూడా చెప్పలేదు. మేలైన ఆముదం సామీ, నా చేతుల్తో వండి తీసింది."

జనం మళ్ళీ బక్కెట్టు వైపు తిరిగారు.

హొన్నూరప్ప వంగి బక్కెట్టు అడుగున పేరుకున్న జిగటను వేలితో తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు. కెంచమ్మ కూడా వచ్చి వాసన చూసింది. చూడక్కరలేదు. ప్రతి ఇంటి దీపంలోనూ ఉండే వాసన అది.

"ఆముదం క్రూడాయిల్లో కలవదు" అన్నాడు కదిరయ్య, తనలో తాను అనుకుంటున్నట్టు. "అడుక్కు దిగుతాది. చలికి బిగుసుకోని పైపు మూసేస్తాది." అన్నాక తానేం అన్నాడో అతనికి తెలిసింది. పెండ్లాం అన్న వైపు చూశాడు. మల్లేశప్ప మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఏం జరిగిందో మెల్లమెల్లగా అర్థమవుతోంది.

జయరామప్ప గొంతుకు మళ్ళీ బలం వచ్చింది. "ఇన్నావా దఫేదారూ! నేను తెప్పించింది మంచినూనె. ఆముదం కలిపింది ఈ గానుగోడు. చెప్పకుండా కలిపినాడు. హనుమప్పను చంపింది నేనా ఈడా? ఇప్పుడు ఏయి బేడీలు."

"నాకు తెలీదు సామీ" అన్నాడు మల్లేశప్ప. "బండికి అన్నారు... బండి అంటే నాకు..."

హొన్నూరప్ప బేడీలు చేతిలో పట్టుకుని అతని వైపు అడుగు వేశాడు. అప్పుడు లేచాడు కదిరయ్య. లేచి, ఇందాక విప్పిన రెండు చేతులూ మళ్ళీ చాచాడు.

"నాకే ఏయి సామీ. ఆముదం కలిపింది నేను. ఆయప్పకేం తెలీదు, నన్ను కాపాడల్లని చెప్తా ఉండాడు."

"నోరు ముయ్యి!" రామాంజినమ్మ అరుపుకు అతని చేతులు అలాగే ఆగిపోయాయి. "అబద్ధాలు చెప్పడం కూడా రాదు నీకు! ఇంతసేపూ నీకోసం గొంతు చించుకుంటిని. ఇప్పుడు నువ్వే పోయి తల పెడతావా? నువ్వు పోతే నేను యేం కావల్ల? ఆ?" అని అన్న వైపు తిరిగింది. "నువ్వు! అడగనిది యాల కలిపితివి? కలిపినోడివి యాల చెప్పకపోతివి?" ఆమె ఏడుస్తోంది. ఏడుస్తున్నానన్న కోపం ఇంకొకటి. ఆ కోపం ఎవరి మీద పోయాలో తెలియక తన తలనే అరచేత్తో కొట్టుకుంది. మర విప్పమని పట్టుబట్టింది ఎవరు? తానే. విప్పకపోతే మొగుడు, విప్పితే అన్న.

కెంచమ్మ ఆమె దగ్గరకు వచ్చింది. ఇద్దరూ ఒకే బావిలో నీళ్ళు చేదుకునేవాళ్ళు.

"అక్కా" అంది. "ఈళ్ళెవర్నీ నేను నమ్మను. ఒకడు ఒకటంటాడు, ఇంగొకడు ఇంగొకటంటాడు. నువ్వు చెప్తే నమ్ముతా. నా మొగుణ్ణి చంపింది నీ మొగుడా, నీ అన్ననా?"

రామాంజినమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ప్రశ్న మళ్ళీ ఒకసారి మనసులో అనుకుంది. నీ మొగుడా, నీ అన్ననా. ఇద్దరే. జయరామప్ప అందులోంచి ఎప్పుడు తప్పించుకున్నాడో, ఎంత నేర్పుగా తప్పించుకున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒళ్ళంతా భగ్గుమంది.

"దఫేదారప్పా" అంది. గొంతు పెంచలేదు, ఆ గొంతు విని మల్లేశప్ప భయపడ్డాడు. "నువ్వు యేం రాసుకుంటావో నేను చెప్తా, రాసుకో. ముగ్గురి పేర్లు. కలిపినోడు ఉండాడు. వద్దని తెలిసీ తోలినోడు ఉండాడు. తెలివితక్కువ బయటపడతాదని ఒక్క మాట అడక్కుండా పోయించి, మనిషి సచ్చినాక టాంకీ ఎండిపోయిందని కూలోని మీదికి తోసినోడు ఉండాడు. ఒక్క పేరు కూడా ఇడిసిపెట్టొద్దు. మొదట నా అన్న పేరు రాయి."

"రామాంజినీ!" అన్నాడు మల్లేశప్ప.

ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని ఆమెకు తెలుసు. "రెండోది కదిరయ్య. రాసినావా? మూడోది..."

మూడో పేరు వినడానికి జయరామప్ప ఆగలేదు. పంచె పైకెత్తుకుని షెడ్డు తలుపు వైపు గబగబా నడిచాడు. తలుపు మూసేసి ఉంది. దానికి అడ్డంగా, లారీ ఇనుప జాకీ కడ్డీ రెండు చేతులా పట్టుకుని, తన యజమానికి దారి ఇవ్వకుండా, దాసన్న నిలబడి ఉన్నాడు.